పడవ కడుపులో బడబాగ్ని



ఛందస్సు, సమాసాలు, శతకాలు అంటూ కాలక్షేపం చేసే ఈ విశ్రాంత తెలుగు పండితుడికి జలాంతర్గాములతో ఏమి పని అని మీరు నవ్వుకోవచ్చు. ఆ పని కల్పించినవాడు ఇంజనీరింగు చదువుతున్న మా మనుమడు. విశాఖపట్నం రామకృష్ణా బీచిలో ఒడ్డుకు చేర్చి నిలిపిన కురుసుర జలాంతర్గామిని వాడూ నేనూ కలిసి చూశాము. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో సెలవు పుచ్చుకొని, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న పడవ అది. తొంభై మీటర్ల పొడవు. లోపల నడవాలంటే మాత్రం భుజాలు ముడుచుకోవాలి, గుమ్మం వచ్చినప్పుడల్లా నడుము వంచాలి. మనుషులు పడుకొనే గదుల నేల కిందనే బ్యాటరీల గదులు ఉండేవని అక్కడివారు చెప్పారు. ఆ మాట నా మనసులో నాటుకుంది. వాడు పట్టించుకోలేదు.

ఇంటికి వచ్చిన రెండో రోజున వాడు ఒక బొమ్మ గీసి తెచ్చాడు. ఇనుప గొట్టం, పైన గాజు గుమ్మటం, లోపల ఒక్క మనిషికి సీటు, వెనుక రెండు మోటార్లు, సీటు కింద రెండు లారీ బ్యాటరీలు. సొంతంగా చేసుకొనే ఏకవ్యక్తి జలాంతర్గామి. ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున ఎంత మందం రేకు కావాలో లెక్క కట్టాడు. మునగడానికి నీటి తొట్టెలు, తేలడానికి గాలి సీసాలు, అన్నీ ఉన్నాయి. నేను ఒక్కటే అడిగాను.

“బ్యాటరీలకు ఛార్జింగు ఎక్కడ పెడతావురా?”

“అక్కడే తాతయ్యా, సీటు కిందే. పైన మూత వేసేస్తే వాన చినుకు కూడా పడదు.”

ఆ మాటకు నా గుండె ఒక్కసారి ఆగినట్లయింది. అందుకు కారణం చివర చెబుతాను. ముందు చరిత్ర చెప్పాలి. జలాంతర్గామి అనగానే అందరూ బయటి నీటికి భయపడతారు. నీరు బయటి శత్రువు, కనబడే శత్రువు. ఆ పడవల చరిత్రలో లోపలి శత్రువు ఇంకొకటి ఉన్నది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత దానికి సరిగ్గా అతుకుతుంది. అది బ్యాటరీ నుంచి వెలువడే వాయువు.

పేరు దగ్గర మొదలు పెట్టడం నాకు అలవాటు. హైడ్రోజన్‌కు మన పాఠ్యపుస్తకాలు ‘ఉదజని’ అని పేరు పెట్టాయి. ‘ఉద’ అంటే నీరు. ఉదధి, ఉదకుంభం అన్న మాటల్లో ఉన్నది అదే. నీటిని పుట్టించేది ఉదజని. 1766లో కావెండిష్ ఈ వాయువును విడిగా గుర్తించి, దాని గుణాన్ని బట్టి మండే గాలి అన్నాడు. అది మండితే నీరు వస్తుందని తేలిన తరువాత 1787లో లవాజియే బృందం గ్రీకు మాటలతో పెట్టిన పేరుకు మన ఉదజని సరైన అనువాదం. అయితే ఈ అనువాదంలో ఒక సగమే ఉన్నది. మండి నీటిని పుట్టించే ఈ వాయువు, నీటిలో విద్యుత్తు పారినప్పుడు ఆ నీటి నుంచే పుడుతుంది. నీటిలో పుట్టి, నిప్పై, మళ్ళీ నీరయ్యే పదార్థం మన పురాణాలకు కొత్త కాదు. ఔర్వుడు తన కోపాగ్నిని సముద్రంలో విడిచిపెడితే అది గుఱ్ఱపు ముఖంతో నీటిని తాగుతూ బడబాగ్ని అయిందని భారతం ఆదిపర్వం చెబుతుంది. సముద్రం కింద తిరిగే పడవ తన బడబాగ్నిని తన కడుపులోనే మోసుకొని తిరుగుతుంది.

ఇది ఎలా పుడుతుందో నాలుగు మాటల్లో చెబుతాను. లారీలలో, ఇళ్ళలోని ఇన్వర్టర్లలో చాలాకాలంగా వాడుతున్న సీసపు బ్యాటరీ 1859లో ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంటే కనిపెట్టిన రకం. సీసపు పలకలు, మధ్య నీరు కలిపిన గంధకికామ్లం. ఛార్జింగు మొదట్లో విద్యుత్తు అంతా పలకల మీది మార్పుకే ఖర్చవుతుంది. పలకలు నిండుతూ వచ్చి ఒక్కొక్క ఘటం సుమారు 2.4 వోల్టులకు చేరేసరికి, ఇంకా పంపే విద్యుత్తుకు చేయడానికి పని మిగలదు. అప్పుడది నీటిని విడగొట్టడం మొదలు పెడుతుంది. రెండు పాళ్ళు ఉదజని, ఒక పాలు ప్రాణవాయువు. బ్యాటరీ ‘ఉడుకుతోంది’ అని మెకానిక్కులు అనేది దీన్నే. ఛార్జింగు ఆపిన తరువాత కూడా పలకల మధ్య చిక్కుకున్న బుడగలు కొంతసేపు పైకి వస్తూనే ఉంటాయి.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. గాలి కంటే చాలా తేలిక గనుక పైకప్పు కిందికి చేరి అక్కడ పొంచి ఉంటుంది. గాలిలో 4 శాతం చేరితే మండుతుంది. 75 శాతం వరకూ మండుతూనే ఉంటుంది. అంత విశాలమైన పరిధి ఉన్న వాయువులు తక్కువ. అంటుకోవడానికి అగ్గిపుల్ల అక్కరలేదు. స్విచ్చి వేసినప్పుడు కంటికి ఆనని రవ్వ చాలు. పగటి వెలుగులో దాని మంట కూడా సరిగా కనబడదు.

ఈ సంగతి కథకుడికి ముందే స్ఫురించింది. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1869, 70 సంవత్సరాల్లో రాసిన సముద్రగర్భ నవలలో కెప్టెన్ నెమో తన నాటిలస్‌ను విద్యుత్తుతో నడుపుతాడు. సోడియంతో పనిచేసే ఘటాలు అవి. ఒక చోట అతిథి ప్రొఫెసరుకు ఏదో వింత వాసన తగులుతుంది. అది సోడియం వాడకం వల్ల వచ్చే వాయువని, చిన్న ఇబ్బందే తప్ప మరేమీ కాదని, రోజూ ఉదయం పడవను పైకి తెచ్చి గాలి మార్పిస్తామని నెమో చెప్పి ముందుకు సాగిపోతాడు. పడవకు గాలి మార్పించాలన్న సూత్రాన్ని వెర్న్ పట్టుకున్నాడు. దాన్ని చిన్న ఇబ్బంది అనడమే పొరపాటు. ఆ పొరపాటు ఎంతటిదో తరువాతి అరవై డెబ్భై ఏళ్ళలో నావికులు ప్రాణాలతో తెలుసుకున్నారు.

ఇక్కడ ఒక బడిపంతులు కథ చెప్పాలి. జాన్ ఫిలిప్ హాలండ్ 1841లో ఐర్లండులోని లిస్కానర్‌లో పుట్టాడు. ఇంట్లో ఐరిష్ భాష. ఇంగ్లీషు బడిలో నేర్చుకున్నదే. మతసంస్థ బడుల్లో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి 1873లో అమెరికా చేరి, న్యూజెర్సీలోని పేటర్సన్‌లో మళ్ళీ బడిపంతులే అయ్యాడు. బడి విడిచాక జలాంతర్గామి బొమ్మలు గీసుకొనేవాడు. 1878లో పధ్నాలుగు అడుగుల పడవ ఒకటి కట్టించి, పేటర్సన్ పక్కన పారే పసేయిక్ నదిలో మునిగి లేచాడు. సరిగ్గా మా మనుమడి బొమ్మలోని పడవ వంటిదే, ఒక్క మనిషికి సరిపోయేది. నేటి నౌకాదళాల మహాజలాంతర్గాములన్నిటికీ మూలపురుషుడని చెప్పదగ్గవాడి మొదటి పడవ ఇలా సొంత పూనికతో చేసుకొన్న చిన్న పడవే. తోటి ఉపాధ్యాయుడు కావడం వల్ల కాబోలు, ఆయన మీద నాకు ప్రత్యేకమైన అభిమానం.

ఆ మొదటి పడవలో బ్యాటరీ లేదు. 1897 మే 17న నీటికి దించిన ఆయన ఆరవ పడవలో బ్యాటరీ వచ్చింది. నీటి పైన పెట్రోలు ఇంజను, నీటి కింద విద్యుత్తు మోటారు. అరవై ఆరు సీసపు ఘటాలు. పైన ఉన్నప్పుడు ఇంజను బ్యాటరీని నింపుతుంది, మునిగినప్పుడు బ్యాటరీ పడవను నడుపుతుంది. ఈ జోడింపే తరువాత అర్ధశతాబ్దం పాటు ప్రపంచంలోని జలాంతర్గాములన్నిటికీ పద్ధతి అయింది. 1900 ఏప్రిల్ 11న అమెరికా నౌకాదళం ఆ పడవను కొన్నది. అప్పటికే, 1899లో, బ్యాటరీల వ్యాపారి ఐజక్ రైస్ కొత్త కంపెనీ పెట్టి హాలండు సంస్థను అందులో కలిపేసుకున్నాడు. పడవలో బ్యాటరీకి ఉన్న ప్రాధాన్యం ఈ ఒక్క సంగతిలోనే తెలుస్తుంది. హాలండ్ 1904లో ఆ కంపెనీ నుంచి బయటికి వచ్చి, 1914 ఆగస్టులో కన్ను మూశాడు.

హాలండు నమూనాతో బ్రిటిషువారు కట్టుకున్న తొలి పడవల్లో తెల్ల ఎలుకలను పెంచేవారు. ఇంజను నుంచి విషవాయువు చేరితే మనుషుల కంటే ముందు ఎలుక సొమ్మసిల్లుతుంది, అది హెచ్చరిక. మంచి ఉపాయమే. ఉదజని విషయంలో మాత్రం ఆ ఉపాయం పనికిరాదు. అది విషం కాదు. మండడానికి సరిపడా ఉదజని చేరిన గదిలో కూడా ఎలుక హాయిగా గింజలు తింటూ కూర్చుంటుంది. అందులోని మనిషికీ ఏమీ తెలియదు. ఎవరో దీపం స్విచ్చి వేసేవరకూ అంతా క్షేమమే.

నావికులు మొదట ఎక్కువగా భయపడింది ఇంకొక వాయువుకు. సీసపు బ్యాటరీలోకి సముద్రపు ఉప్పునీరు చేరితే క్లోరిన్ పుడుతుంది. అది ఘాటైన విషం, ఊపిరితిత్తులను కాల్చివేస్తుంది. 1915 మార్చి 25న హవాయి దీవుల్లోని హొనొలూలూ దగ్గర అమెరికా జలాంతర్గామి ఎఫ్-4 ఇరవై ఒక్కమందితో మునిగి మరి లేవలేదు. తరువాత పైకి తీసి చూస్తే, బ్యాటరీ తొట్టెకు లోపల వేసిన సీసపు పూత ఆమ్లానికి తినివేయబడి, ఆ దారిన ఉప్పునీరు బ్యాటరీ గదిలోకి చేరి ఉంటుందని తేల్చారు. బ్యాటరీ ఆమ్లం లోపలి నుంచి తింటుంటే, సముద్రం బయటి నుంచి కాచుకొని ఉన్నదన్నమాట.

అప్పుడు ముందుకు వచ్చిన పేరు థామస్ ఎడిసన్. ఆయన నికెలు, ఇనుముల బ్యాటరీ కనిపెట్టాడు. అందులో ఆమ్లం లేదు, క్షారం ఉన్నది. ఆమ్లం లేదు గనుక తొట్టెను తినదు. ఉప్పునీరు తగిలినా సీసపు బ్యాటరీలాగా క్లోరిన్ రాదు. జలాంతర్గామికి ఇదే తరుణోపాయమని చాటారు. ఈ-2 అనే జలాంతర్గామిలో దాన్ని బిగించారు. అయితే ఇనుప పలకల బ్యాటరీకి ఒక గుణం ఉన్నది. ఛార్జింగులో సీసపు బ్యాటరీ కంటే ఎక్కువ ఉదజనిని విడుస్తుంది. ఊరకే ఉన్నప్పుడు కూడా కొద్దికొద్దిగా విడుస్తూనే ఉంటుంది. బాగా ఖాళీ చేస్తే, బలహీనమైన ఘటం పక్కవాటి ధాటికి తలకిందులై అప్పుడూ వాయువును పుట్టిస్తుంది. 1916 జనవరి 15న న్యూయార్కులోని బ్రూక్లిన్ నౌకాదళ కర్మాగారంలో ఉండగా, బ్యాటరీ పనుల మధ్య ఈ-2 లోపల భయంకరమైన పేలుడు జరిగింది. పలువురు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. కారణం ఉదజని. పెనం మీది నుంచి పొయ్యిలో పడ్డట్టు, ఘాటుతో తన రాకను చెప్పే శత్రువు నుంచి పారిపోయి, ఏ గుర్తూ ఇవ్వని శత్రువు చేతిలో పడ్డారు.

ఈ కథలో నేను రెండుసార్లు చదివిన సంగతి ఒకటి ఉన్నది. ఆ పడవ అప్పుడు సముద్రంలో లేదు, యుద్ధంలో లేదు. కర్మాగారంలో, నేల పక్కన, సురక్షితమనుకొనే చోట ఉన్నది. బ్యాటరీ వాయువు ప్రమాదాల చరిత్ర చదివినకొద్దీ ఇది మళ్ళీమళ్ళీ ఎదురవుతుంది. పడవ లోతుల్లో సాహసం చేస్తున్నప్పుడు మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకొంటాడు. రేవులో కట్టేసి ఛార్జింగు పెట్టి, టీ తాగడానికి వెళ్ళినప్పుడు ఏమరుపాటు వస్తుంది. ఉదజని పోగయ్యేది ఆ విశ్రాంతి వేళలోనే.

పాఠాలు నేర్చుకున్న నౌకాదళాలు నియమాలు రాసుకున్నాయి. బ్యాటరీ గదులకు పంకాలతో ప్రత్యేకమైన గాలిదారులు, ఉదజని పాలును కొలిచే పరికరాలు, ఛార్జింగు వేళ నిప్పు నిషేధం, చేరిన కొద్దిపాటి ఉదజనిని మంట లేకుండా నీరుగా మార్చే ఉత్ప్రేరకాలు. ప్రతి నియమం వెనుకా ఎవరివో ప్రాణాలు ఉన్నాయి. అయినా పొంచి ఉన్నది పొంచే ఉన్నది. 1949 ఆగస్టు 25న నార్వేకు ఉత్తరాన, తుఫానులో, అమెరికా జలాంతర్గామి కొచీనో బ్యాటరీ గదిలో పేలుళ్ళు, మంటలు చెలరేగాయి. మరునాడు పడవ మునిగింది. ఆ పడవవారిలో ఒకరు, కాపాడ వచ్చిన టస్క్ అనే పడవవారిలో ఆరుగురు, మొత్తం ఏడుగురు సముద్రం పాలయ్యారు.

మన విశాఖ రేవు కూడా దీనికి సాక్షి. 2010 ఫిబ్రవరిలో సింధురక్షక్ జలాంతర్గామి విశాఖపట్నంలో ఉండగా బ్యాటరీ గదిలో మంటలు లేచి ఒక నావికుడు మరణించాడు. బ్యాటరీ కవాటం ఒకటి పాడై ఉదజని కారడమే కారణమని అప్పట్లో వెల్లడయింది. అదే పడవ 2013 ఆగస్టులో ముంబయిలో పద్ధెనిమిది మందితో మునిగిపోయింది. అది వేరే దుర్ఘటన, రెంటినీ కలపకూడదు. బీచిలో కురుసురను చూసి, బయట మొక్కజొన్న పొత్తులు తినే మనకు, అదే ఊరి రేవులో ఒక యువకుడు ఉదజనికి బలి అయ్యాడన్న సంగతి గుర్తుండదు.

ఇంతటి బలగమూ శాస్త్రమూ ఉన్న నౌకాదళాలకే ఇలా జరిగితే, పెరట్లో పడవ చేసుకొనేవాడి మాట ఏమిటి? అటువంటివారు చాలా దేశాల్లో ఉన్నారు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో జార్జి కిట్రెడ్జ్ అనే విశ్రాంత జలాంతర్గామి అధికారి ఏకవ్యక్తి పడవ ఒకటి రూపొందించి, దాని నమూనా పటాలను అమ్మేవాడు. ‘కె-250’ అని దాని పేరు. ఆ పటాలు చూసి ఎందరో సొంత పడవలు కట్టుకున్నారు. అధికారిగా ఆయన నౌకాదళం నేర్పిన జాగ్రత్తలు ఎరిగినవాడు. పటం కొనుక్కొన్నవాడికి రేకుల కొలతలు అందుతాయి. ఆ జాగ్రత్తల వెనుక ఉన్న చావులు అందవు. ఈ చరిత్ర నాకు ముఖ్యంగా తోచడానికి కారణం ఇదే.

మనుమడి చేతనే లెక్క కట్టించాను. ఛార్జింగు నిండిన తరువాత ఒక ఘటం గుండా ఒక ఆంపియరు ఒక గంట పారితే, మన ఎండల్లో, సుమారు 0.45 లీటరు ఉదజని వస్తుంది. వాడి రెండు లారీ బ్యాటరీలకు పన్నెండు ఘటాలు. తనంత తాను ఆగని నాసి ఛార్జరు పది ఆంపియర్లు పంపుతూనే ఉన్నదనుకొంటే, గంటకు 54 లీటర్లు. వాడి పడవ లోపలి గాలి 1500 లీటర్లు; అందులో 4 శాతం 60 లీటర్లు. అంటే మూత వేసిన పడవ గంటా పది నిమిషాలలోపే మండే స్థితికి వస్తుంది. పరిశ్రమల్లో జాగ్రత్తగా పాటించే ఒక శాతం హద్దు పదిహేడు నిమిషాల్లో దాటిపోతుంది. అదీ వాయువు గదంతా సమంగా కలిసిందనుకొంటేనే. నిజానికి గుమ్మటం కింద, మనిషి తల ఉండే చోట, అంతకంటే ముందే చిక్కబడవచ్చు. లెక్క పూర్తి చేసి వాడు కలం కింద పెట్టాడు.

దీనికి విరుగుడు గొప్ప యంత్రాలు కావు. మూత తెరిచే ఛార్జింగు పెట్టాలి. కింది నుంచి తాజా గాలి పంపి, పైభాగం నుంచి పాతగాలి పోయే దారి ఉంచాలి. పంకాను పాతగాలి పోయే దారిలో పెట్టకూడదు. దాని మోటారు రవ్వే నిప్పవుతుంది. బయట ఉంచి, తాజా గాలిని లోపలికి తోసేటట్లు పెట్టాలి. ఛార్జరు తీగలు బ్యాటరీకి తగిలించిన తరువాతే స్విచ్చి వేయాలి. స్విచ్చి ఆపిన తరువాతే తీగలు తీయాలి. ఛార్జింగు అయిన వెంటనే మునగరాదు. మిగిలిన బుడగలు వెళ్ళిపోయేదాకా గాలి ఆడనివ్వాలి. పడవ దగ్గరికి వచ్చినప్పుడు ముందు మూత, తరువాత గాలి, ఆ తరువాతే దీపం. పడవ అడుగున చేరే నీరు బ్యాటరీ పెట్టెను తాకకుండా ఎత్తు కట్టాలి; క్లోరినుకు అదే అడ్డం. ఉదజనిని పసిగట్టే పరికరాలు దొరుకుతాయి, వాటిని పెట్టుకోవాలి. అవి అప్పుడప్పుడు పరీక్షించకపోతే మొద్దుబారతాయి గనుక వాటినే నమ్ముకోరాదు.

చాలామంది బ్యాటరీలను పడవ బయట విడి గొట్టాల్లో పెడతారు. మనిషి ఉన్న గదిలోకి వాయువు రాదు, మంచి పద్ధతి. కాని మూసిన ఆ గొట్టమే ఇప్పుడు ఉదజని కుండ అవుతుంది. ఛార్జింగు వేళ దాని మూతలు తెరవాలి, మళ్ళీ మూసేముందు గాలితో కడగాలి. ‘మూసిన బ్యాటరీలు వాడితే వాయువే రాదు కదా’ అనేవారు ఉన్నారు. వాటిలో పుట్టిన వాయువులు చాలావరకు మళ్ళీ లోపలే నీరవుతాయి, నిజమే. అతిగా ఛార్జి చేస్తే వాటి చిన్న కవాటాలూ తెరుచుకొంటాయి. లిథియం బ్యాటరీ మామూలు వేళ ఉదజనిని విడవదు. 2020 మార్చిలో జపాను నౌకాదళంలో చేరిన ఓర్యూ జలాంతర్గామి లిథియం బ్యాటరీతోనే నడుస్తుంది. కాని అది వేడెక్కి చెడితే, ఉదజనితో పాటు ఇతర విషవాయువులనూ కక్కుతూ తనంత తానే మండుతుంది. 2008 నవంబరులో హవాయిలోని పెరల్ హార్బరులో అమెరికావారి చిన్న జలవాహనం ఒకటి ఇలాగే కాలిపోయింది. లిథియం బ్యాటరీలు ఛార్జింగులో ఉన్నాయి. పడవ రేవులో ఉన్నది. మళ్ళీ అదే విశ్రాంతి వేళ.

ఇక నా గుండె ఎందుకు ఆగినట్లయిందో చెప్పాలి.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకసారి సైన్సు మాస్టారు సెలవు పెడితే ఆ తరగతికి నన్ను పంపారు. పుస్తకం తెరిస్తే ఉదజని పాఠం. నాకు తెలిసింది నేను చెప్పాను. ఉదకం, ఉదధి, జని, జనకుడు అంటూ ఆ మాటను విడదీసి, గంటసేపు రక్తి కట్టించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. పాఠం చివర ఆ వాయువు మండే గుణాన్ని గురించి రెండు వాక్యాలు ఉన్నాయి. గంట మోగింది. సైన్సు మాస్టారు వచ్చి చెబుతారులే అనుకొని పుస్తకం మూశాను. ఆయన వచ్చాక, ఆ పాఠం అయిపోయిందనుకొని తరువాతి పాఠం మొదలుపెట్టారు.

ఆ తరగతిలోని పిల్లవాడొకడు చదువు ఆపేసి, మా ఊళ్ళోనే బ్యాటరీలు ఛార్జి చేసే దుకాణం పెట్టుకున్నాడు. ట్రాక్టరు బ్యాటరీలు, పెళ్ళిళ్ళలో మైకుసెట్ల బ్యాటరీలు. చిన్న గది, ఒకటే తలుపు. ఒక రాత్రి కరెంటు పోయింది. అంతవరకు ఛార్జింగులో ఉన్న బ్యాటరీలో ఆమ్లం ఎంత ఉన్నదో చూద్దామని మూత తీసి, అగ్గిపుల్ల గీసి దగ్గరగా పెట్టాడు. బ్యాటరీ పగిలి ఆమ్లం ముఖాన పడింది. కుడికన్ను పోయింది.

నేను ఆసుపత్రికి వెళ్ళినప్పుడు కట్టు కట్టిన ముఖంతోనే లేవబోయాడు.

“కూర్చో నాయనా” అన్నాను.

“మాస్టారూ, మీరు చెప్పిన ఉదజని ఇదేనంట కదండీ. డాక్టరుగారు చెప్పారు. మీరు పేరు చెప్పింది నాకు బాగా జ్ఞాపకం ఉందండీ” అన్నాడు.

నిష్ఠూరంగా అనలేదు. పాఠం గుర్తున్నందుకు పంతులు సంతోషిస్తాడన్నట్లు అన్నాడు. నాకు మాత్రం నోట మాట రాలేదు. పేరు నేర్పాను, గుణం నేర్పలేదు. పేరు తెలిసినంత మాత్రాన వస్తువు తెలిసినట్లే అనుకోవడం మా భాషాపండితులకు పుట్టుకతో వచ్చిన జబ్బు. దానికి వెల ఒక కుర్రవాడి కన్ను. ఇప్పటికీ వీధిలో ఎదురైతే సైకిలు దిగి నమస్కారం పెడతాడు. ఎవరివల్ల జరిగిందని అతను ఎన్నడూ లెక్క వేసుకోలేదు. నేను వేసుకొంటూనే ఉన్నాను.

మూత వేసేస్తే వాన చినుకు కూడా పడదని మనుమడు అన్నప్పుడు నాకు ఆ ఒంటి తలుపు గది కనబడింది. అందుకే ఈసారి గంట మోగినా పుస్తకం మూయలేదు. పసేయిక్ నది పంతులు మొదలుకొని విశాఖ రేవులోని నావికుడి వరకు అన్నీ వాడికి చెప్పాను. పడవ కట్టవద్దని అనలేదు. బడిపంతులు హాలండును ఎవరైనా అలా ఆపి ఉంటే ఈ చరిత్రే లేదు. కట్టేవాడికి ముందటివాళ్ళు ఎలా పోయారో తెలిసి ఉండాలని మాత్రమే నా కోరిక.

వాడు కొత్త బొమ్మ గీశాడు. బ్యాటరీలు సీటు కింద నుంచి బయటి గొట్టాల్లోకి వెళ్ళాయి. వాటికి గాలి మార్చే మూతలు పెట్టాడు. బొమ్మ పక్కన ఎఱ్ఱ సిరాతో, తెలుగులోనే, “ముందు మూత, తరువాత గాలి, ఆపైన దీపం” అని రాసుకున్నాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఒత్తు ఒకటి తప్పింది కూడా. నా జీవితంలో మొదటిసారి ఒక తప్పును దిద్దకుండా వదిలేశాను.

మీ ఇళ్ళలోనూ మెట్ల కింద బీరువాలో ఇన్వర్టరు బ్యాటరీ ఉండే ఉంటుంది. ఒకసారి వెళ్ళి, దానికి గాలి ఆడుతున్నదో లేదో చూడండి. పక్కన దేవుడి దీపం పెట్టే అలవాటుంటే దాన్ని వేరే చోటికి మార్చండి.

స్వస్తి.